దాపరికం లేని ఇంజనుకు దండం

పాత ఇంజనూ, నీకు దండం.

బానెట్టు ఎత్తితే చాలు, నీ ఒళ్లంతా కంటికి ఆనుతుంది. గాలి ఎటునుంచి లోపలికి పోతుందో, పెట్రోలు ఏ గొట్టం వెంట ఎక్కుతుందో, నిప్పు ఏ తీగ పట్టుకుని నడుస్తుందో వేలు పెట్టి చూపించవచ్చు. నీ పక్కన చెయ్యి దూరేంత జాగా ఉంది. కింద నేల కనిపించేంత ఖాళీ ఉంది. నీకు బాగాలేకపోతే నువ్వే చెప్తావు. చప్పుడుతో చెప్తావు, పొగతో చెప్తావు, వాసనతో, వేడితో, వణుకుతో చెప్తావు. ఓపిగ్గా అడిగినవాళ్ల దగ్గర ఏదీ దాచవు. మనిషి చేతుల్లో పుట్టి, మనిషి చేతులకు అందేలాగే ఉండిపోయినందుకు నీకు దండం.

సూర్యాపేటలో వేపచెట్టు నీడన ఉంటావు. కోదాడలో ఇంటి ముందర రేకుల పందిరి కింద ఉంటావు. మిర్యాలగూడలో వడ్లు ఎండబోసిన వాకిలి పక్కన ఉంటావు. నీ నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 24 అనే రాసి ఉంటుంది. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది. సూర్యాపేట తానే ఒక జిల్లా అయింది, కోదాడ దానితో వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచింది. నీ ప్లేటు మాత్రం మూడు ఊళ్లనూ ఇంకా ఒక్క జిల్లాగానే మోస్తున్నది.

ఈ మూడు ఊళ్లూ నీకు మూడు పరీక్షలు పెడతాయి. హైదరాబాదుకూ విజయవాడకూ దాదాపు నడిమధ్యన ఉన్న సూర్యాపేట నిన్ను ఎండతో పరీక్షిస్తుంది. మే నెల మధ్యాహ్నం టేకుమట్ల దగ్గర మూసీ దాటి వచ్చేసరికి రోడ్డు కింద నుంచి కాలుస్తుంది, సూర్యుడు పైనుంచి కాలుస్తాడు, నీలోని మంట మధ్యలో నుంచి కాలుస్తుంది. మిర్యాలగూడ నిన్ను దుమ్ముతో పరీక్షిస్తుంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. ఆ నీటితో వరి వచ్చింది, వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి, మిల్లుల నుంచి రేగే ఊక, సన్నటి పొట్టు నీ ఎయిర్ ఫిల్టరు మడతల్లోకి వచ్చి చేరాయి. కోదాడ నిన్ను రాయితో, నీటితో పరీక్షిస్తుంది. మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల లారీలు వెళ్లిన దారిలో బూడిదరంగు ధూళి లేస్తుంది. సున్నపురాతి నేలలోంచి వచ్చిన బోరు నీళ్లు రేడియేటరులో పోస్తే గొట్టాల లోపల తెల్లటి పొర కడుతుంది. ఎండనూ దుమ్మునూ రాతినీటినీ ఓర్చుకుని ఇంకా తిరుగుతున్నావు. ఎప్పుడైనా ఆగిపోతే, అది నీ తప్పని ఎవరనగలరు?

నీ వంశాన్ని తలుచుకుంటాను. 1950ల చివర బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మొదలైన అంబాసిడర్‌కు 1489 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజను. పుట్టుక ఇంగ్లండు మోరిస్ ఇంట్లో, పెరుగుదల మన కచ్చా రోడ్ల మీద. బ్యాటరీ పడిపోయినా ముందువైపు హ్యాండిల్ దూర్చి ఒక్క ఊపు ఊపితే లేచి కూర్చునేది. ముంబై నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినికి 1089 సీసీ. డాక్టర్లూ వకీళ్లూ మిల్లు యజమానులూ తెల్లచొక్కా నలగకుండా దిగిన బండి అది. 1983 డిసెంబరు 14న తాళాలు చేతికి వచ్చిన మారుతీ 800కు మూడే సిలిండర్లు, 796 సీసీ. టీచరు జీతంతో, గుమాస్తా పొదుపుతో వాకిట్లోకి వచ్చిన మొదటి కారు అదే. వీటి పక్కన మహీంద్రా జీపు నిలుస్తుంది. సీట్లలో పట్టినంతమంది, వెనక వేలాడినంతమంది, పైన మూటలు, కోళ్లగంపలు. ఊరికీ అంగడికీ మధ్య దాని డీజిల్ ఇంజను మోసినంత బరువును మరేదీ మోయలేదు. 2014 జనవరిలో మారుతీ 800 తయారీ ఆగింది. మేలో అంబాసిడర్ ఆగింది. జూన్ 2న తెలంగాణ పుట్టింది. కొత్త రాష్ట్రం మొదటి అడుగు వేసేనాటికి మీరిద్దరూ ఫ్యాక్టరీ గేటు దాటడం మానేశారు. అప్పటికే గేటు దాటి వచ్చినవాళ్లను కాపాడుకునే పని మా చేతుల్లో పడింది.

నీ పనిని స్తుతిస్తాను. పీల్చడం, నొక్కడం, మండించడం, బయటికి తోయడం, ఈ నాలుగే నీ అడుగులు. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు ప్రతి సిలిండరూ ఈ నాలుగూ పూర్తి చేస్తుంది. నిలకడ మీద నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లలో సెకనుకు 30 మంటలు పుడతాయి. బరువులో ఒక పాలు పెట్రోలుకు దాదాపు 15 పాళ్ల గాలి కావాలి. ఆ మిశ్రమం గట్టిగా నొక్కుకుపోవాలి. నొక్కుడు చివరి అంచుకు చేరుతున్న క్షణాన ప్లగ్గు దగ్గర నిప్పు రాలాలి. అంబాసిడర్‌లో ఆ నిప్పు 1-3-4-2 వరుసలో నడుస్తుంది, మారుతీలో 1-3-2 వరుసలో. గాలి, ఇంధనం, నొక్కుడు, నిప్పు, వేళ. ఈ ఐదూ కుదిరితే నువ్వు బతికున్నావు. నువ్వు లేవలేదంటే ఈ ఐదింట్లో ఒకటి తప్పింది. ఆరోది లేదు. దిష్టి లేదు, శని లేదు, బండి జాతకం లేదు. ఎంత చిక్కు కనిపించినా వెతకవలసిన గదులు ఐదేనని ధైర్యం చెప్పినందుకు నీకు దండం.

అందుకే పెద్ద మేస్త్రీలు పానా పట్టకముందు చెవి పడతారు. "ముందు అదేం చెప్తుందో ఇను బిడ్డా, పానా యాడికి పోదు" అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి ఎముకకు తాకిస్తారు. ఇనుములోంచి ఇనుములోకి చప్పుడు నడిచి వస్తుంది. పైన వాల్వ్ కవర్ కింద టిక్కుటిక్కుమంటే టాపెట్ సందు పెరిగింది. ముందు భాగంలో కీచుమంటే ఫ్యాన్ బెల్టు జారుతోంది. గర్‌గర్‌మని రాపిడి వినిపిస్తే వాటర్ పంపు బేరింగు అరిగింది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఖణఖణ మోగితే నిప్పు వేళకు ముందే పడుతోంది. అడుగు నుంచి, గుంభనంగా, లోడు పడ్డప్పుడల్లా దబ్బుదబ్బుమని వస్తే అది పెద్ద బేరింగు మాట. ఆ మాట విన్న క్షణాన తాళం తిప్పి ఆపేయాలి. ఇంకో మైలు నడిపినా క్రాంక్ తినేస్తుంది. ఇన్ని గొంతులతో మాట్లాడుతావు. ఏ గొంతు ఏ మూలదో తెలిసినవాడికి సగం రిపేరు చెవితోనే అయిపోతుంది.

నీ పొగనూ చదువుతాను. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతున్నావు, చోక్ ఇరుక్కుంది, లేదా ఊకతో ఎయిర్ ఫిల్టరు మూసుకుంది. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. పొద్దున్నే లేచినప్పుడు కాసేపు కనిపించే తెల్ల ఆవిరిని చూసి భయపడనక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గాస్కెట్ దగ్గర దారి పడింది. డిప్‌స్టిక్కు తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన చాయ్ రంగుకు తిరిగి ఉంటే ఇక అనుమానం లేదు, నీళ్లు నూనెలో కలిశాయి. ఆ బండిని మళ్లీ స్టార్టు చేయకూడదు.

నీ ప్లగ్గుల ముఖాలు చూస్తాను. విప్పి, వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేరుస్తాను. లేత గోధుమరంగులో పొడిగా ఉన్నది సుఖంగా ఉంది. పొడి మసి పట్టినది పెట్రోలు ఎక్కువైందంటుంది. నూనెతో తడిసి నల్లగా ఉన్నది రింగుల గురించి చెప్తుంది. తెల్లగా పాలిపోయి, అంచు కాలినది గాలి ఎక్కువై, వేడి ఎక్కువై బాధపడుతోంది. పెట్రోలుతో తడిసి చల్లగా ఉన్న ప్లగ్గు దగ్గరికి ఇంధనం వచ్చింది, నిప్పే రాలేదు. గోరంత ఇనుము మీద ఇంత చరిత్ర రాసి పెట్టినందుకు నీకు దండం.

ఇక పనిలోకి దిగే క్రమాన్ని స్తుతిస్తాను. తేలికైనది ముందు, కష్టమైనది తర్వాత. బయటిది ముందు, లోపలిది తర్వాత. ఖర్చు లేనిది ముందు, ఖర్చయ్యేది తర్వాత. ఈ క్రమాన్ని తప్పినవాళ్లే పది రూపాయల తీగ వదులైతే కార్బొరేటరు మొత్తం ఊడదీస్తారు.

"ఏందన్నా, సెల్ఫ్ తిరుగుతున్నది గని బండి అందుకుంటలేదు" అని పొరుగింటి తమ్ముడు వస్తాడు. ముందు బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్లబూజు గోకాలి. తర్వాత నిప్పు చూడాలి. ఒక ప్లగ్గు తీసి, దాని తీగకే తగిలించి, ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి, పెట్రోలు వాసన లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. నీలంగా చిటపటలాడితే నిప్పు బాగుంది. పసుపుగా నీరసంగా ఉంటే, లేదా అసలు రాకపోతే, డిస్ట్రిబ్యూటరు మూత తెరవాలి. మూత లోపల సన్నటి పగులు, తేమ, అరిగిన రోటరు, కాలిన పాయింట్లు, ఏదో ఒకటి అక్కడే దొరుకుతుంది. పాయింట్లను ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, ఫీలర్ గేజి రేకు పెట్టి సందును 0.4 మిల్లీమీటర్ల దగ్గరికి సరిచేస్తే చాలాసార్లు ఇంజను ఆ పూటే పలుకుతుంది. సరిచేసిన పాయింట్లు మళ్లీ మళ్లీ కాలుతుంటే పక్కనున్న కండెన్సరును అడగాలి.

నిప్పు ఉందంటే ఇంధనం సంగతి చూడాలి. పంపు నుంచి కార్బొరేటరుకు వచ్చే గొట్టం ఊడదీసి, సీసాలో పెట్టి సెల్ఫ్ తిప్పితే పెట్రోలు ఉరకాలి. ఉరకకపోతే ఫిల్టరు, పంపు డయాఫ్రం, ట్యాంకు అడుగు మడ్డి. ఉరికినా లేవకపోతే కార్బొరేటరు. కాలు తీయగానే ఆగిపోతే ఐడిల్ జెట్ మూసుకుంది. జెట్‌లో తీగ గుచ్చకూడదు, రంధ్రం పెరిగితే దాని కొలత పోతుంది. గాలి ఊదాలి, అంతే. మే నెలలో సూర్యాపేట దగ్గర వేడికి ఆగి, అరగంట నీడన ఉంటే మళ్లీ లేచే అంబాసిడర్‌కు చాలాసార్లు ఏ భాగమూ పాడై ఉండదు. గొట్టంలోనే పెట్రోలు ఆవిరైంది, పంపు ఆవిరిని తోయలేకపోయింది. పంపు మీద తడిగుడ్డ చుట్టి డ్రైవర్లు ఎన్ని వేసవులు దాటించారో! ఇప్పుడు బంకుల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. నీ పాత రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. ఉబ్బినవీ పగిలినవీ ముందే మార్చడం నీకు మేము చేయవలసిన సేవ.

డీజిల్ జీపుకు ప్లగ్గు నిప్పు అక్కర్లేదు. నొక్కుడు వేడికే మండుతుంది. దాని దారిలో గాలి చొరబడితే మాత్రం మూగబోతుంది. ఎయిర్ స్క్రూ కొద్దిగా వదులు చేసి, చేతిపంపు కొడుతూ ఉంటే నురగ వస్తుంది, నురగ తర్వాత బుడగలు, బుడగల తర్వాత తేటగా డీజిల్ ధార. ఆ ధారను చూసి స్క్రూ బిగించే చెయ్యి ధన్యం.

నీళ్ల దగ్గర ఓపిక కావాలి. వేడి మీదున్న రేడియేటరు మూత తెరవకూడదు. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, మూత వదులైన మరుక్షణం ముఖం మీదికి ఎగదన్నుతాయి. చల్లారాక బెల్టు చూడాలి, రేకుల మధ్య పురుగులూ పొట్టూ చూడాలి, థర్మోస్టాట్ తెరుచుకుంటోందో లేదో వేడినీళ్ల గిన్నెలో వేసి చూడాలి. బోరు నీళ్లు మాని కూలెంటు పోయాలి. ఇంజను నడుస్తుంటే రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తే హెడ్ గాస్కెట్ అని తెలుసుకోవాలి.

నొక్కుడును అంచనా వేసే పద్ధతి నాకు అన్నింటికన్నా ఇష్టం. ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి ఒక్కో సిలిండరు అంకె రాసుకుంటాం. ఒకటి తక్కువ వస్తే ఆ సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలుస్తాం. అంకె పెరిగితే రింగులు అరిగాయి, ఆయిలే కాసేపు సందు మూసింది. పెరగకపోతే వాల్వులో, గాస్కెట్టో. ఇంజను విప్పకుండా, చెంచాడు నూనెతో, లోపల కనిపించని చోట ఏది అరిగిందో తేలిపోతుంది! ఇంత తెలివైన ప్రశ్న అడగగలిగిన మొదటి మేస్త్రీ ఎవరో, ఏ దేశంలోనో, అతనికీ దండం.

హెడ్ విప్పవలసి వస్తే దాన్ని పండగ పనిగా చేయాలి. బ్యాటరీ నెగెటివ్ ముందు తీయాలి. ప్రతి బోల్టునూ దాని చోటు రాసిన కాగితం మీద గుచ్చాలి. వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో వాటి సీట్ల మీద తిప్పి తిప్పి, అంచు చుట్టూ బూడిదరంగు వలయం తెగకుండా వచ్చేదాకా రుద్దాలి. తిరిగి బిగించేటప్పుడు మధ్య బోల్టుల నుంచి అంచులకు, మూడు విడతల్లో, టార్క్ రెంచితో కొలిచి బిగించాలి. బ్లాకు బోరు కొట్టడం, క్రాంక్ గ్రైండింగు, హెడ్ చదును చేయడం ఇంటి పనులు కావు. అవి లేత్ షెడ్డుకు చెందినవి. రైస్ మిల్లుల షాఫ్టులనూ ట్రాక్టరు ఇరుసులనూ సరిచేసి ఆరితేరిన చేతులు ఈ ఊళ్లలో ఉన్నాయి. దొరకని సామాను కోసం సూర్యాపేట బస్సెక్కి హైదరాబాదు రాణిగంజ్‌కు పోతుంది, కోదాడ నల్లబండగూడెం దాటి విజయవాడ ఆటోనగర్‌కు పోతుంది. సరిహద్దు రెండు రాష్ట్రాలను వేరు చేసింది గానీ, అంబాసిడర్ గాస్కెట్‌కు రెండు వైపులా ఒకటే కొలత.

నీ మొదటి రోడ్డు రిపేరు చేసింది ఒక స్త్రీ. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా, ఆయన తయారు చేసిన మూడు చక్రాల మోటారు బండి మీద జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు నడిపింది. ఇంధనం గొట్టం మూసుకుంటే టోపీ పిన్నుతో తెరిచింది. నిప్పు తీగ తొడుగు అరిగితే మేజోళ్ల పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్లాఖ్ మందుల కొట్లో కొన్నది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవారితో తోలు కొట్టించింది. మొదటి మేస్త్రీ షెడ్డు పుట్టకముందే, మొదటి పెట్రోలు బంకు లేకముందే, లోపం ఎక్కడుందో చూసి, చేతిలో ఉన్నదానితో సరిచేసిన ఆమెకు దండం. బానెట్టు దగ్గరికి ఆడపిల్ల వస్తే "నీకెందుకమ్మా ఈ నూనె పని" అనే ఇళ్లన్నీ ఈ కథ తెలుసుకోవాలి. ఆ బిడ్డ చేతిలో పది నంబరు పానా పెట్టాలి.

మేస్త్రీల పరంపరను తలుచుకుంటాను. ముందు కిరసనాయిలులో సామాను కడుగుతూ నేర్చినవాళ్లు. పన్నెండు పదమూడు పానా అడిగితే చూడకుండా తీసి అందించిన పిల్లలు. అంబాసిడర్‌కు అంగుళాలు, మారుతీకి మిల్లీమీటర్లు అని వేళ్లతోనే గుర్తుపట్టినవాళ్లు. ఇంగ్లీషు మాన్యువల్ చదవకుండానే టైమింగ్ గుర్తులు కలిపినవాళ్లు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. తెల్లవారుజామున ఎవరో గర్భిణిని ఆసుపత్రికి చేర్చిన జీపు, ఎవరో పెళ్లికి వేళకు అందిన కారు, వాళ్ల చేతి పని.

నిన్ను ప్రేమించేవాళ్లకు కొన్ని బాధ్యతలున్నాయి. మూసిన గదిలో నిన్ను నడపకూడదు, నీ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది ప్రాణం తీస్తుంది. ఒక్క జాకీని నమ్మి కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. మార్చిన ఆయిలును మోరీలో పారబోయకూడదు, అది చెరువుకు చేరుతుంది, చెరువు నుంచి పొలానికి చేరుతుంది. నల్లపొగ వదులుతూ తిరిగే పాత బండిని చూసి మురిసిపోవడం ప్రేమ కాదు. సరైన మిశ్రమంతో, శుభ్రమైన ఫిల్టరుతో, వేళకు రాలే నిప్పుతో నడిపించడమే నీకు గౌరవం. పక్కవాళ్ల ఊపిరి కూడా నీ రిపేరులో భాగం.

కొత్త బండ్లకు స్కానరు తగిలిస్తే తెర మీద కోడు వస్తుంది. అదీ గొప్ప విద్యే, దాన్ని చిన్నబుచ్చను. కోడు తలుపు దగ్గరికి తీసుకెళ్తుంది, లోపలికి నడవడం మాత్రం ఇంకా మనిషి పనే. లోపలికి నడవడం నువ్వు నేర్పావు. చూపించావు, తాకనిచ్చావు, విప్పనిచ్చావు, మళ్లీ కలపనిచ్చావు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలారా, మీ ఇంటి వాకిట్లో పాత కారు ఉంటే దాన్ని తుక్కు కింద తూచి అమ్మకముందు ఒక్కసారి బానెట్టు ఎత్తండి. కారణం లేని లోపం లేదని, ఓపిగ్గా వరుసగా వెతికితే కారణం దొరికి తీరుతుందని ఈ ఇంజను మీ చేతులకు నేర్పుతుంది. ఒకసారి నేర్చిన చేతులు ఆ విద్యను కాలువ గట్టు మీది పంపుసెట్టుకూ తీసుకెళ్తాయి, మిల్లులోని మోటారుకూ తీసుకెళ్తాయి, రేపు రాబోయే బ్యాటరీ కారుకూ తీసుకెళ్తాయి. ఆగిపోయిన దేని ముందూ బెదరని మనుషులుగా మిమ్మల్ని తయారు చేస్తుంది. అలాంటి మనుషులను ఈ మూడు ఊళ్లకు ఇన్నేళ్లుగా ఇస్తూ వచ్చినందుకు, ఇంకా ఇస్తున్నందుకు, పాత ఇంజనూ, నువ్వు పదికాలాలు తిరుగు.